కరుణమ్మ గారు చెప్పిన ఫ్రెంచి సినిమా

పంజాగుట్ట చౌరస్తాలో వాన మొదలవగానే బండ్లవాళ్లు సరుకు మీద టార్పాలిన్లు కప్పుతారు. ఆ తడిసిన గుడ్డ వాసన తగిలితే చాలు, కరుణమ్మ గారి గొంతు నాకు వినిపిస్తుంది. అమీర్‌పేటలో మా పొరుగింట్లో ఉండేవారు. మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో పంజాగుట్ట దగ్గర ఒక డేరా టాకీసు ఉండేది. ఆడవారికీ మగవారికీ మధ్య పరదా కట్టేవారు. విదేశీ చిత్రం వస్తే మగవారి వైపు ఒకతను నిలబడి కథ చెప్పేవాడు; మా వైపు కరుణమ్మ గారు చెప్పేవారు.

ఆ వారం నేను సినిమాకు పోయే స్థితిలో లేను. నా భర్త ముషీరాబాదులో మరొక స్త్రీతో కాపురం పెట్టి, అది బయటపడ్డాక తిరిగివచ్చాడు. ఆదివారం చర్చిలో సంఘపెద్దల ముందు నేను ‘క్షమించాను’ అనాలని తీర్మానించారు. తీర్మానించినవారిలో ఒక్కరైనా నన్ను అడగలేదు. ఈ వాక్యం రాస్తుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. "ఇంట్ల కూసొని ఏడ్సుడెందుకు? నడువ్ బిడ్డా," అని శనివారం సాయంత్రం కరుణమ్మ గారే నన్ను లాక్కుపోయారు.

ఆ ఫ్రెంచి చిత్రంలో పెళ్లయినవాడొకడు మరొకతెను ప్రేమిస్తాడు. చివరకు తలవంచుకుని ఇల్లు చేరతాడు. భార్య తలుపు తీసి, కుర్చీ చూపి, ఒక్క మాట అంటుంది. పరదా అవతలి మనిషి గొంతెత్తాడు: "చూడుండ్రి! ఇల్లాలంటే గిట్లుండాలె! మొగడు ఏం జేసినా మాఫ్ చేసింది!"

"ఏడ చేసిందన్నా?" కరుణమ్మ గారు ఇవతలినుంచే కేకవేశారు. "బొమ్మ కింద ఇంగ్లీషుల ‘కూసో’ అనే రాసున్నది. ఆమె అననిది నువ్వెందుకంటున్నవ్?"

"మొగోళ్ల దిక్కు వేరే సినిమా ఆడుతున్నట్టున్నదే!" అని వెనకనుంచి ఎవరో అనగానే ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. చాలా రోజుల తరువాత నేనూ నవ్వాను. దారిలో అడిగాను: "టీచరమ్మా, ఆమె తర్వాతనన్న మాఫ్ చేస్తదా?"

"నాకేమెరుక బిడ్డా? ఆమెకే ఇంక తెల్వదేమో."

మరునాడు పెద్దలు తొందరపెట్టారు: "అనమ్మా, ఒక్క మాటే గదా."

"ముందు ఆయన కూసోని జరిగింది చెప్పాలె. నేను వింట," అన్నాను. "మాఫ్ సంగతి నాకు తోచిన్నాడు నేనే చెప్త."

"మొండిది!" అన్నారెవరో. కరుణమ్మ గారు లేచారు. వెనకనుంచి ఒక కుర్చీ మోసుకొచ్చి నా భర్త ముందు వేశారు. ఆయన కూర్చున్నాడు. మా కాపురంలో మొదటిసారి నిజం చెప్పాడు.

ఆ తరువాత అప్పుడప్పుడు అడిగేవాడు, "ఇంక మాఫ్ చెయ్యలేదా?" అని. "ఇంక లేదు. అన్నం తిను," అనేదాన్ని. ఆయన వెళ్లిపోలేదు, మళ్లీ అబద్ధమాడలేదు. ఒక ఉదయం ఆయన బావిలో నీళ్లు చేదుతుంటే, ఎవరూ అడగకుండానే నేను ఆ మాట అన్నాను. చేద జారి బావిలో పడింది, ఇద్దరం నవ్వుకున్నాం.

తరువాత నేను సంఘ స్త్రీల సమాజానికి ఏళ్ల తరబడి కార్యదర్శిగా పనిచేశాను. ‘అందరూ సమ్మతించారు’ అని తీర్మానాల పుస్తకంలో నేను ఎన్నడూ ముందుగా రాయలేదు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి అడిగేదాన్ని. ఇంకా తేల్చుకోలేదన్నవారి పేరు పక్కన ఖాళీ వదిలేదాన్ని. ఆ ఖాళీలను చాలామంది తరువాత తమ చేతులతోనే నింపారు.