అర్దియాకు తీసుకెళ్ళిన పండ్ల చుట్ట

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన పదమూడో రోజు, మంగళవారం, పొద్దున పదిన్నరకు, మా అమ్మ చేతిగాజు తగిలి బల్ల నిండా పరిచిన పిండి అడ్డంగా చిరిగింది.

ఇప్పుడు కువైట్‌లోనే అబూ హలీఫాలో నేనుండే గది కింద బేకరీ ఉంది. ఆపిల్ ముక్కలూ దాల్చినచెక్కా వెన్నలో మగ్గే వాసన కిటికీలోంచి వచ్చినప్పుడల్లా రుమైథియా ఇంటి వంటగది కళ్ళ ముందు నిలుస్తుంది. పాస్‌పోర్టులో నాకు లేని వయసు రాయించి, పన్నెండేళ్ళ నన్ను అమ్మ తను పనిచేసే ఆ ఇంటికే తెచ్చుకుంది. నా బాల్యమంటే ఆ వంటగదే. బడిలో కూర్చున్నది నలభై దాటాక.

మేం మామా అని పిలిచే ఆ ఇంటావిడ హంగరీ మనిషి, కువైటీని పెళ్ళాడి వచ్చింది. చలికాలంలో, బయట ఇసుకగాలి తలుపులు కొడుతుంటే, ఆమె రేతెష్ చేసేది. అమ్మ దాన్ని పండ్ల చుట్ట అనేది. మైదాలో గోరువెచ్చని నీళ్ళు, నూనె, చెంచాడు వెనిగర్ పోసి పిసికి, ఆ ముద్దను బల్లకేసి నూరుసార్లు బాది, వేడి గిన్నె బోర్లించి కాసేపు నానబెట్టి, పూలగుడ్డ మీద పెట్టి, మామా ఒకవైపూ నేనొకవైపూ బల్ల చుట్టూ తిరుగుతూ, పిడికిళ్ళ వెనక వైపుతో అడుగు నుంచి లాగి లాగి, గుడ్డ మీది పూలు పిండిలోంచి కనబడేదాకా సాగదీసేవాళ్ళం. అమ్మ పొయ్యి వదిలి వచ్చేది కాదు.

ఆ మంగళవారం మాత్రం మూడు చుట్టలు కావలసి వచ్చి అమ్మ కూడా చెయ్యి వేసింది. నాయన అర్దియాలో బండ్ల షెడ్డులో పనిచేసేవాడు. సైన్యం వచ్చిన రోజు నుంచి కబురు లేదు, ఫోను పలకదు. ఎండాకాలానికి బయటి దేశం పోయిన మామా భర్త, మా వీసాలిచ్చిన కఫీల్, అక్కడే చిక్కుకున్నాడు. అర్దియా దారి పొడుగునా సైనికులు కార్లు ఆపుతున్నారు. ముందురోజు మా గేటు దగ్గర ఒక సైనికుడు రొట్టె అడిగి తిన్నాడు. అది చూసి, వాళ్ళకు తిండి పెట్టి దారి ఇమ్మని అడుగుదామని మామా తేల్చింది. సంచిలో ఉన్నది రెండుసార్లకు చాలే పిండి. ఒకసారిది చిరిగిపోయింది.

మామా తన ఉంగరం తీసి జేబులో వేసుకుని, తీసెయ్యమని అమ్మ గాజుల వైపు చూపించింది.

“చూడీ ఖలాస్! యల్లా!”

“నా మొగుడు ఉండాడో లేదో తెలీక నేను సస్తాంటే, గాజులు ఖలాస్ అంటాదేందే ఈయమ్మ!” అంది అమ్మ నాతో. “నేను తీయనంటే తీయను. చెప్పు.”

నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. మామా తల పట్టుకుంది. అమ్మ పాత చీర కొంగు చించి, గాజులన్నీ మోచేతి దాకా ఎక్కించి, దాంతో బిగించి కట్టమంది. “ఇంగా బిగీగా కట్టు. చెయ్యి తెగిపోదులే.” వేళ్ళు నీలం తిరిగాయి. అయినా పిండి అంచులు బల్ల కిందికి వేలాడేదాకా ఆమె ఆపలేదు. ఎక్కడా చిల్లు పడలేదు. ఆపిల్ ముక్కలు పరిచి చుట్టి, మూడుగా కోసి కాల్చి, మామా కారులో బయల్దేరాం.

మొదటి చోట ఆపినవాడు ఒక చుట్ట తీసుకుని, నిలబడే సగం తిని, పొమ్మని చెయ్యి ఊపాడు. రెండోచోట ఒకడు మిగిలిన రెండూ అడిగాడు. మామా ఒకటే ఇచ్చి, మూడోదాన్ని అమ్మ ఒళ్ళోకి తోసి, అతని మొహంలోకి చూస్తూ కారు ముందుకు పోనిచ్చింది. అతను తుపాకీ ఎత్తలేదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

అర్దియాలో నాయనతో గదిలో ఉండేది నిజామాబాద్ గంగారాం, జగిత్యాల లింగన్న. తలుపు గంగారాం తీశాడు. అమ్మను చూసి లోపలికి కేకేశాడు.

“ఓ చెన్నయ్యా, నీ ఇంటామె రానే వచ్చింది! ఇగ ఏడ్సుడు బంజెయ్యి!”

అద్దం పెంకు గుచ్చుకుని వాచిన కాలితో నాయన చాప మీద ఉన్నాడు. అమ్మ “కాలు సూపియ్యి” అని పక్కన కూలబడింది.

రుమైథియాలో ఆ ఇల్లు పడగొట్టి అంతస్తులు లేపారు. కింది బేకరీలో పిండిని యంత్రం సాగదీస్తుంది, బల్ల చుట్టూ తిరిగేవాళ్ళు లేరు. మామా తన దేశం వెళ్ళిపోయింది. అమ్మా నాయనా ఇద్దరూ లేరు. ఆ మంగళవారం మధ్యాహ్నం అర్దియా గదిలో చాప మీద కూర్చుని ఆ చుట్ట తిన్నది వీళ్ళు: మామా ఇలోనా, నిజామాబాద్ గంగారాం, జగిత్యాల లింగన్న, మా అమ్మ నరసమ్మ, నేను రెడ్డెమ్మ, మా నాయన చెన్నయ్య.