ఆ సెకను లోపల ఏముందో

కూర్మన్నపాలెంలో ఒక కాంట్రాక్టరు గేటుకి అటొకటి, ఇటొకటి పాత ఫోన్లు బిగించి ఉంటాయి. ఫ్యాక్టరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులప్పుడు కూలీలు వాటికి కార్డు చూపించాలి. ముందు చూపించినవాళ్లకే పని. ఆ పొద్దున చివరి చోటుకి మా బావ ఒక ఫోను దగ్గర, ఇంకొకతను రెండో ఫోను దగ్గర కార్డు పెట్టారు. రికార్డులో ఇద్దరిదీ ఒకే సెకను. పేరు అక్షరాల వరసలో ముందుందని రెండో అతన్ని లోపలికి పంపేశారు.

అక్కకి చెబితే ఇల్లు పీకి పందిరేస్తుందని బావ నేరుగా నా దగ్గరికొచ్చాడు. నాది యాప్‌లు పరీక్షించే ఉద్యోగం. ఆయన దృష్టిలో కలెక్టరు కన్నా గొప్పది.

"నానే ముందెట్టాను బామ్మర్దీ. ఆ సెకన్లో ముందెవుడో తీసి సెప్పు."

ఆ మధ్యాహ్నమే వెళ్లాం. సూపర్‌వైజరు "చూసుకోండి" అంటూ వెటకారంగా నవ్వాడు. బావ కార్డు పెట్టిన ఫోనుకి కేబుల్ పెట్టి, లాప్‌టాప్ నుంచి దాని షెల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే తెరలో, టైము అడిగాను. సెకన్ల వెనక తొమ్మిది అంకెలు రావాలి. ఆ ముసలి ఫోను అంకెలకి బదులు ఎన్ అనే అక్షరం చూపించి ఊరుకుంది.

"అదేటి?"

"సెకను కన్నా చిన్నది దానికి తెలీదట."

నాకు ఒళ్లు మండింది. టైము కోసం షెల్‌లోనే ఇంకో ఆదేశం ఉంటుంది, అది కొట్టాను. ఈసారి చుక్క వెనక ఆరు అంకెలు వచ్చాయి. బావ మొహం వెలిగిపోయింది.

"అదిగో, ఉంది! ఇప్పుడు పొద్దున్నది తియ్యి."

అది చెప్పేది ఇప్పటి టైము. పొద్దున యాప్ సెకను వరకే రాసుకుంది, మిగిలింది ఎక్కడా లేదు. రెండో ఫోనుని కూడా అడిగి చూశాను. ఆ రెండు గడియారాలకీ అసలు పొత్తే కుదరలేదు. ఇన్ని అంకెలు తెలిసీ ఏమీ చెయ్యలేని వెధవనయ్యాను.

బయటికొచ్చాక బావ జేబులోంచి కార్డు తీసి చూసుకున్నాడు.

"సింహాచలం కొండేపు తిరిగి కార్డు కళ్లకద్దుకున్నాను. రోజూ సేసేదే. అందుకే లేటయ్యుంటదా?"

నేను కేబుల్ చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు బండి మీద నేనే గేటు దగ్గర దింపాను. బావ కొండవైపు చూడలేదు. కార్డు జేబులోంచి తీసి ఫోను మీదికి తోసేశాడు.