చైత్రకు గండికోట లోయ చూపించిన ఆదివారం

మా అమ్మాయి చైత్ర ఏడో తరగతి చదువుతోంది. దసరా సెలవుల తర్వాత వాళ్ల బడి పిల్లలంతా గండికోటకు విహారయాత్ర వెళ్లారు. చైత్ర ఒక్కతే వెళ్లలేదు. వెళ్లలేదనడం కంటే మేం పంపలేదనడం నిజం. జూన్‌లో బడిలో ప్రార్థన జరుగుతుండగా దానికి ఫిట్స్ వచ్చి పడిపోయింది. నెల తిరిగేలోగా ఇంట్లో మళ్లీ ఒకసారి వచ్చింది. కడపలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, పొద్దున ఏడింటికి ఒక మాత్ర, సాయంత్రం ఏడింటికి ఒక మాత్ర రాసిచ్చారు. వేళ తప్పొద్దని, నిద్ర చెడొద్దని, నీళ్లలోకి, ఎత్తయిన చోట్లకు ఒంటరిగా పంపొద్దని చెప్పారు. ఒంటరిగా అనే మాట ఆయన రెండుసార్లు అన్నారు. నాకు మాత్రం నీళ్లు, ఎత్తు అన్నవే వినపడ్డాయి. అప్పటి నుంచి మేడ మీదికి కూడా దాన్ని ఎక్కనివ్వలేదు.

యాత్ర నుంచి వచ్చిన పిల్లలు తరగతిలో లోయ గురించే మాట్లాడుకున్నారట. మూడో రోజు అన్నం తింటూ చైత్ర, "మా, లోయ అంటే కిందికి ఎంతుంటాదిమా?" అని అడిగింది. నేను చాపాడు దగ్గర ఒక ఊళ్లో టీచర్ని. నదులు, లోయల పాఠం ఏటా చెబుతాను. అయినా "ముందు అన్నం తిను" అన్నాను. అది, "నన్నెందుకు తీసకపోలేదో అందరికీ తెలుసులే" అని కంచం తీసుకుని లేచిపోయింది. ఆ రాత్రే మా ఆయన, ఎవరితోనో పంపలేకపోతే మనమే తీసుకెళ్దామన్నారు. నేను సరేనన్నానే గానీ, ఆదివారం వరకు సరిగా నిద్రపోలేదు.

మా ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సులకు కొదవ లేదు, ముప్పావుగంట ప్రయాణం. అక్కడి నుంచి గండికోట ఇంకో పదిహేను కిలోమీటర్ల పైన ఉంటుంది. ఆ దారిలో బస్సులు తక్కువ, ఆటోలు దొరుకుతాయి. పులివెందుల వైపు నుంచి వచ్చేవాళ్లు ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరుకోవచ్చు. మేం మాత్రం కారు మాట్లాడుకున్నాం. రోజంతటికీ డీజిల్‌తో కలిపి రెండు వేల ఐదు వందలు. డ్రైవరు పేరు మస్తాన్, ముప్పై ఏళ్లుంటాయి. కారెక్కేముందు మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "అతనికి చెప్పేది మంచిది గదా?" అన్నారు. నేను వద్దన్నాను. మా వీధిలోనే ముగ్గురు ఇతని కారు మాట్లాడుకుంటారు. సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుందని నా భయం. ఆడపిల్ల అన్న ఆలోచన కూడా మనసులో ఉంది, దాచడం ఎందుకు.

ఆరున్నరకు బయల్దేరాం. నవంబరు చివర కాబట్టి ఎండ ఇంకా రాలేదు, దారి పొడవునా శనగచేలు తడిగా ఉన్నాయి. చైత్ర కిటికీ దగ్గర కూర్చుంది. నేను పొలాల్ని చూడలేదు, అద్దంలో దాని కళ్లనే చూస్తూ కూర్చున్నాను. అది ఒక్క క్షణం రెప్ప వేయకుండా చూసినా "చైతూ" అని పిలిచేదాన్ని. నాలుగోసారి పిలిచినప్పుడు, "ఉండానుమా, యాడికీ పోలే" అంది విసుగ్గా. జమ్మలమడుగు బస్టాండు దగ్గర బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. నలుగురికీ కలిపి నూట అరవై అయింది. వేడివేడిగా బాగున్నాయని వాళ్లన్నారు. నాకు రుచి తెలియలేదు.

ముందు మైలవరం డ్యాముకు వెళ్లాం. మా ప్రాంతానికి సముద్రం చాలా దూరం. నీళ్లు చూడాలనిపిస్తే అందరూ ఇక్కడికే వస్తారు. ఎనిమిదిన్నరకే రెండు మూడు కుటుంబాలు నీటి అంచున చేరి ఉన్నాయి. పిల్లలు మోకాళ్ల లోతుకు దిగి కేకలు పెడుతున్నారు. చైత్ర చెప్పులు విప్పి నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. "చీలమండల దాకే గదా, నేను పట్టుకుంటా" అన్నారు మా ఆయన. వద్దన్నాను. పిల్ల చెప్పులు వేసుకుని వచ్చి కట్ట మీద కూర్చుంది, ఇంకేం అడగలేదు. ఆ అడగకపోవడం చూసి కూడా నా మనసు మారలేదు. గంట ఉందామనుకున్నవాళ్లం ఇరవై నిమిషాల్లో లేచాం.

గండికోట కోటద్వారం దాటేసరికి పది. లోపల చూడవలసినవి చాలా ఉన్నాయి, హడావుడి లేకుండా తిరిగితే రెండు గంటలు పడుతుంది. ఊరివాళ్లు చార్మినార్ అని పిలిచే చిన్న గోపురం, జామా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి అన్నీ నడిచి చూసేంత దగ్గరలోనే ఉన్నాయి. ధాన్యాగారంలో చైత్ర "ఓ" అని అరిస్తే గొంతు పైకప్పు దాకా వెళ్లి తిరిగి వచ్చింది. రోజంతటిలో అది మొదటిసారి నవ్వడం అక్కడే. మసీదు దాటి ఇంకొంచెం నడిస్తే లోయ. జనం అటే పోతున్నారు. చైత్ర కూడా అటు తిరిగింది. "భోజనం చేసినాక పోదాం" అని చెయ్యి పట్టి వెనక్కి తిప్పాను. అప్పటికి నా ఆలోచన ఏమిటంటే, తిన్నాక ఎండ ఎక్కువైందని చెప్పి దూరం నుంచే చూపించి తీసుకొచ్చేయాలని.

కోటలో ఉన్న ఊళ్లో ముందే చెబితే వండిపెట్టే ఇళ్లు ఉన్నాయి. మస్తాన్ పొద్దున్నే ఫోన్ చేసి ఓబుళమ్మ అనే పెద్దావిడ ఇంట్లో చెప్పి ఉంచాడు. రాగిసంగటి, నాటుకోడి కూర, మజ్జిగ. మనిషికి రెండు వందల యాభై. పన్నెండున్నరకు ఆవిడ ఇంటి వసారాలో చాపల మీద కూర్చున్నాం. నాకు మొదటిసారి ఊపిరి కాస్త తేలికగా ఆడింది. నీళ్లు లేవు, ఎత్తు లేదు, నీడ ఉంది, నేల మీదే కూర్చున్నాం. ఇక్కడేం భయమని కంచం ముందుకు లాక్కున్నాను.

చైత్ర సంగటి తుంచి కూరలో అద్దింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. "తినమ్మా" అన్నాను. పలకలేదు. కళ్లు ఒక పక్కకు తిరిగాయి, ఆ వెంటనే ఒళ్లంతా బిగుసుకుని నా వైపు ఒరిగిపోయింది. చేతులు, కాళ్లు కొట్టుకోవడం మొదలైంది. కంచాన్ని మా ఆయన లాగేశారు. నేను దాన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాను. డాక్టరు నేర్పినవన్నీ నా చేతులకు గుర్తున్నాయి, నోరు మాత్రం "చైతూ, చైతూ" అంటూనే ఉంది. ఓబుళమ్మ లోపలికి పరుగెత్తి తాళంచెవుల గుత్తి తెచ్చింది.

"చేతిలో పెట్టుమ్మా, ఇనుము పెడితే తగ్గుతాది."

"వద్దమ్మా, ఏం పెట్టొద్దు. దానంతటదే తగ్గుతాది."

"నోట్లో నీళ్లన్నా పోయల్ల గదా!"

"వద్దు, వద్దు. ఊపిరాడదు."

బయట తింటున్న మస్తాన్ ఆ మాటలకు లేచి వచ్చాడు. ఏమిటని అడగలేదు. భుజం మీది తువ్వాలు మడిచి పిల్ల తల కింద పెట్టాడు. వసారా ముందు మూగిన వాళ్లను, "ఈడేముందని సూస్తాండారు? గాలి రానీండప్పా, పోండి" అని పంపించేశాడు. మా ఆయన గడియారం చూస్తూ నిలబడ్డారు, పెదవులు కదులుతున్నాయి. రెండు నిమిషాల నలభై సెకన్లు. అది తర్వాత ఆయన చెబితే తెలిసింది. నాకైతే ఒక పూట గడిచినట్టుంది.

కొట్టుకోవడం ఆగి పిల్ల ఊపిరి గట్టిగా తీసుకోసాగింది. చీరకొంగుతో మూతి తుడుస్తుంటే అప్పుడు తట్టింది నాకు. "పొద్దున మాత్ర వేసినారా?" అని అడిగాను. ఆయన నా వైపు చూశారు. "నువ్వు వేసినావనుకున్నా." రోజూ నేను ఏడు కాకముందే బస్సెక్కి బడికి పోతాను, పొద్దుటి మాత్ర ఆయనే వేస్తారు. ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను, మందులు నా సంచిలో ఉన్నాయి కాబట్టి నేను వేసి ఉంటానని ఆయన అనుకున్నారు. ఆయనే వేశారని నేను అనుకున్నాను. ఏడింటికి మేం కార్లో ఉన్నాం. నేను అద్దంలో దాని కళ్లు చూస్తూ కూర్చున్నాను. గొడుగు, గ్లూకోజు, దూది, టవళ్లు, మార్చే బట్టలు అన్నీ సర్దిన దాన్ని ఒక మాత్ర సంగతి అడగలేదు. ఇద్దరం ఒకరినొకరం ఏమీ అనుకోలేదు. అనడానికి మొహం చెల్లలేదు.

డాక్టరుకు ఫోన్ చేస్తే అదృష్టం కొద్దీ ఎత్తారు. పూర్తిగా మెలకువ వచ్చి మింగగలిగినప్పుడు తప్పిన మాత్ర వేయమని, సాయంత్రం మాత్ర మామూలుగానే ఇవ్వమని చెప్పారు. మళ్లీ వచ్చినా, ఐదు నిమిషాలు దాటినా వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి పోవాలని, లేకపోతే రేపు తీసుకొచ్చి చూపిస్తే చాలన్నారు. ఓబుళమ్మ నులకమంచం వాల్చి దుప్పటి పరిచింది. అరగంటకు చైత్ర కళ్లు తెరిచి పేరు, ఊరు సరిగ్గా చెప్పింది. మాత్ర మింగి మళ్లీ నిద్రపోయింది. నేను మంచం పట్టె పట్టుకుని కింద కూర్చున్నాను. మస్తాన్ కొంచెం దూరంలో గొంతుక్కూర్చుని, "ముందే చెప్పింటే బాగుండు గదక్కా" అన్నాడు. "నేను గతుకులు సూడకుండా తోలినా. ఆసుపత్రి యాడుందో కనుక్కోనింటి. మా చిన్నమ్మ కూతురికి గూడా ఇదే. ఇద్దరు పిల్లోళ్లు ఇప్పుడు దానికి." ఓబుళమ్మ నా కంచంలో చల్లారిన సంగటి తీసేసి వేడిది పెట్టింది. "తినుమ్మా. నువ్వు పడిపోతే ఆ పిల్లనెవరు సూస్తారు?" అంది. తిన్నాను.

మూడున్నరకు చైత్ర లేచింది. కాసేపు మా ముఖాలు చూసి, "వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాను. "ఎవరన్నా సూసినారా?" అబద్ధం చెప్పాలనిపించింది. "ఓబుళమ్మవ్వ, మస్తాన్ మామ చూసినారు" అన్నాను. అది గోడవైపు తిరిగి చాలాసేపు పడుకుంది. మేం సంచి సర్దుకున్నాం. ఇంటికి పోవడమే అనుకున్నాం ఇద్దరం. చెప్పులు వేసుకుంటూ అది నెమ్మదిగా, "లోయ సూడల్యా గదా" అంది. బతిమాలినట్టు లేదు. ఇవాళ కూడా చూపించరని ఖాయం చేసుకున్న గొంతు అది.

మా ఆయన పక్కకు వెళ్లి మళ్లీ డాక్టరుకు ఫోన్ చేశారు. అంచుకు పోవద్దు, ఇద్దరూ పట్టుకుని దూరంగా కూర్చోబెట్టి చూపించండి, అలిసిపోయినట్టుంటే వచ్చేయండి అన్నారట. నేను వద్దనే అన్నాను. "ఇప్పుడే గదా వచ్చింది" అన్నాను. ఆయన కోప్పడలేదు. "వచ్చింది యాడ? పంచలో, అన్నం ముందర. రేపటి నుంచి అన్నం గూడా వద్దందామా?" అన్నారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. కాసేపటికి మస్తాన్‌ను పిలిచి, అంచుకు దూరంగా కూర్చునే చోటేదైనా ఉందా చూసి రమ్మన్నాను. అతను పది నిమిషాల్లో వచ్చి, "ఉందక్కా. పెద్ద బండ, ముందర ఇంకో బండ అడ్డం. ఆడ కూచుంటే నది మలుపు కనపడతాది" అన్నాడు.

నాలుగున్నరకు అక్కడికి చేరాం. లోయ అంచున కమ్మీలు, గోడలు ఏమీ లేవని చదివేవాళ్లు గుర్తుంచుకోవాలి. ఎర్రటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండి ఒక్కసారిగా నేల అయిపోతుంది. మేం అంచుకు పదిహేను అడుగుల ఇవతలే నేల మీద కూర్చున్నాం. మా ఆయన ముందు, నేను వెనక, మధ్యలో చైత్ర. మస్తాన్ అడ్డబండ దగ్గర నిలబడ్డాడు. పెన్న అక్కడ మలుపు తిరుగుతుంది. నీళ్లు పచ్చగా, కదలకుండా ఉన్నట్టు కనిపించాయి. ఎదుటి గోడ మీద ఎండ పడి రాతిపొరలన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. గద్దలు మా కళ్లకు దిగువన తిరుగుతున్నాయి. చైత్ర మెడ సాచి చూసింది. నేను రెండు చేతులతో దాని నడుము పట్టుకుని, దాని వీపు నా గుండెకు ఆనించుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. "మా, పక్షులు మనకంటే కింద ఉండాయి" అంది కాసేపటికి. అవునన్నాను. "నొప్పి పుడతాంది, కొంచెం వదులు" అంది. వదల్లేదు గానీ వేళ్లు సడలించాను. అరగంట ఉన్నాం. దారిలో ఎక్కడా ఆగకుండా ఏడింటికి ముందే ఇల్లు చేరి, ఇద్దరం ఎదురెదురుగా నిలబడి మాత్ర వేశాం.

ఈ ప్రయాణంతో నా భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇప్పటికీ బడిలో పాఠం చెబుతూ ఫోన్ వైపు చూస్తాను. కానీ ప్రమాదం నీళ్ల దగ్గరా, ఎత్తుల దగ్గరా కాపు కాసి ఉంటుందని, వాటికి దూరంగా ఉంటే పిల్ల క్షేమంగా ఉంటుందని నేను ఆర్నెల్లుగా నమ్మాను. అది నన్ను ఊరడించే నమ్మకమే తప్ప దాన్ని కాపాడేది కాదు. దాన్ని కాపాడింది ఒక తువ్వాలు, ఒక గడియారం, మంచం వాల్చిన ఒక పెద్దావిడ, మేం మర్చిపోయి ఆలస్యంగా వేసిన ఒక మాత్ర. మంగళవారం చైత్ర బడికి వెళ్లింది. స్నేహితురాళ్లు అడిగితే, "ఆడ నాకు ఫిట్స్ వచ్చింది, పండుకున్యా, లేసి లోయ సూసినా" అని తనే చెప్పిందట. ఆ వరుసలోనే చెప్పిందట. దాచమని నేను చెప్పి పంపిన మాటను అది లెక్క చేయలేదు, మంచిదే అయింది.

ఇంట్లో ఇలాంటి ఇబ్బంది ఉన్న పిల్లలతోనో పెద్దలతోనో బయల్దేరేవాళ్లకు ఒక్క మాట. కారెక్కేముందే డ్రైవరుకు విషయం చెప్పండి, వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో కూడా చెప్పండి. రెండు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత దారి పొడవునా మీతో పాటు ఇంకో మనిషి చూస్తూ ఉంటాడు.