కందిరీగల పక్షాన బౌదీలియో

బౌదీలియో గొంతు గురించి హవానాలో చాలా కథలున్నాయి. వాటిలో సగం అతను పుట్టించినవే. వయసులో ఉన్న రోజుల్లో అతను సెంట్రల్ పార్కులో నిలబడి "అవుట్" అని ఒక్క అరుపు అరిస్తే, పాలరాతి విగ్రహం మీది పావురాలన్నీ లేచిపోయి అఖాతం అవతలి కోట మీద వాలేవట. పార్కు కాపలావాడు వెళ్ళి బతిమాలితే తప్ప తిరిగొచ్చేవి కావట. ఇప్పుడా గొంతు నూనె లేని గేటులా కిర్రుమంటుంది. పావురాలు అతని చెప్పుల పక్కనే తీరిగ్గా గింజలు ఏరుకుంటాయి.

అతని పని లైటర్లలో గ్యాసు నింపడం. మూతపడ్డ సినిమా హాలు ముందు, స్తంభాల నీడలో ఒక చిన్న బల్ల వేసుకుంటాడు. పారేయాల్సిన లైటరుకి అడుగున సన్నటి బెజ్జం పెట్టి, గ్యాసు ఎక్కించి, అరిగిన రాయి మార్చి, వెలిగించి చూపిస్తాడు. అంతకు ముందు రేవులో చక్కెర బస్తాలు మోసేవాడు. నడుము పోయాక ఈ బల్ల ముందుకి వచ్చి పడ్డాడు. పొద్దున్నే బ్రెడ్డు క్యూ, నీళ్ళు రాని రోజు బకెట్లతో మెట్లెక్కడం, కరెంటు పోయిన రాత్రి భార్య నెరెయ్దాకి అట్టముక్కతో విసరడం, మళ్ళీ పొద్దున్నే అదే క్యూ. పడుకుని లేచినా అలసట మాత్రం అతనికన్నా ముందే లేచి చెప్పులేసుకుని సిద్ధంగా ఉంటుంది.

అయినా మధ్యాహ్నం దాటాక బల్ల మడిచి చంకన పెట్టుకుని పార్కుకి పోవలసిందే. అక్కడ నాలుగు బెంచీలు కలిసే చోటుని అందరూ వేడిమూల అంటారు. బేస్‌బాల్ తప్ప మరో మాట అక్కడ చెల్లదు. మొగాళ్ళు ముక్కుకి ముక్కు ఆనించి, వేళ్ళు కళ్ళలో గుచ్చుతారేమో అన్నంత దగ్గరగా ఆడిస్తూ అరుచుకుంటారు. కొత్తగా చూసినవాడు ఇప్పుడో ఇంకాసేపటికో కత్తులు లేస్తాయనుకుంటాడు. ఎవరూ ఎవరి మీదా చెయ్యి వెయ్యరు. అరిచి అరిచి గొంతు పోతే, అవతలివాడే తన సీసాలో నీళ్ళు ఇస్తాడు.

బౌదీలియో పుట్టింది సెర్రో పేటలో, స్టేడియం గోడ వెనక సందులో. అక్కడ పుట్టినవాడికి జట్టుని ఎంచుకునే పని ఉండదు. జ్ఞానస్నానానికి ముందే నెత్తిన నీలం టోపీ పెట్టేస్తారు. హవానా నీలం జట్టుని సింహాలంటారు. వాళ్ళకి పుట్టు పగవాళ్ళు దేశానికి తూర్పు కొసనున్న శాంతియాగో జట్టు, అంటే కందిరీగలు.

వేడిమూలలో కందిరీగల పక్షాన మిగిలింది ఒక్కడే, ఎలీహియో. శాంతియాగో నుంచి కుర్రాడిగా వచ్చి, హవానా బస్సులు నడిపి, ముసలివాడయ్యాడు. బౌదీలియో కూతురి జ్ఞానస్నానంలో బిడ్డని ఎత్తుకుని పూచీ పడ్డ జ్ఞానతండ్రి అతనే. అందుకని ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఎలీహియో బస్సు నడిపే రోజుల్లో, ఒకసారి రోడ్డు పక్కన బౌదీలియో కనబడగానే బ్రేకు వేసి, కిటికీలోంచి వాదన మొదలుపెట్టాడు. ఎక్కినవాళ్ళు బస్సు కదపమని గోల చేయకపోగా, కుడివైపు సీట్లవాళ్ళు సింహాలనీ ఎడమవైపువాళ్ళు కందిరీగలనీ చీలిపోయారు. వెనక సీట్లో నెలలు నిండిన మనిషి అక్కడే కనేసిందనీ, పుట్టినవాడు ఏడుపుకి బదులు అంపైరులా "స్ట్రైక్" అన్నాడనీ బౌదీలియో ప్రమాణం చేసి చెబుతాడు. బస్సు ఆగిన మాట మాత్రం నిజం. ఆ నెల జీతంలో ఎలీహియోకి కోత పడిన మాట కూడా నిజమే.

ఈ ఏడు సీజన్ మొదలవబోతోంది. ఒకనాటి మధ్యాహ్నం బౌదీలియో ఎప్పటిలాగే మొదలుపెట్టాడు.

"ఏం బావా, మీ ఊళ్ళో ఈసారి తొమ్మిదిమంది దొరికారా, లేక చర్చి గంట కొట్టేవాణ్ణి కూడా ఆటలోకి దింపుతున్నారా?"

ఎలీహియో బెంచీ మీద కూర్చుని కర్ర మీద గడ్డం ఆనించాడు. "నువ్వన్నది నిజమే. మావాళ్ళ దగ్గర ఏమీ లేదు. సింహాలే గెలుస్తాయి."

పక్క గుంపులో అరుస్తున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఫీకో అని మంగలి ఒకడున్నాడు, ఏ జట్టూ లేకుండా అందర్నీ వెక్కిరించడమే అతని పని. అతను కూడా వెక్కిరింత మానేసి దగ్గరకొచ్చాడు.

"ఏంటన్నావ్?" అన్నాడు బౌదీలియో.

"గెలుస్తారన్నాను. మీవాళ్ళు. ఇంకేం కావాలి?"

బౌదీలియో నవ్వబోయి ఆగిపోయాడు. వేడిమూలలో అవతలివాడి మాట ఒప్పుకున్నవాణ్ణి అతను ఒక్కసారే చూశాడు. సిల్వీనో అనే ముసలాయన, నీళ్ళ పైపులు వేసేవాడు, ఒక సాయంత్రం అందరితోనూ అవునవును అంటూ కూర్చున్నాడు. మర్నాటి నుంచి రాలేదు. తర్వాతి వారం అందరూ కలిసి అతని శవపేటిక మోశారు.

ఇంటికి వెళ్ళేసరికి కరెంటు లేదు. నెరెయ్దా బొగ్గుల మీద కాఫీ కాస్తోంది, అందులో కాఫీ కన్నా వేయించిన శనగలే ఎక్కువ.

"ఎలీహియో ఒప్పుకున్నాడు," అన్నాడు, చావుబతుకుల్లో ఉన్నవాడికి ఆఖరి ప్రార్థన చేయడానికి ఫాదరుని పిలవమని చెప్పేవాడి గొంతుతో.

"ఏం ఒప్పుకున్నాడు?"

"సింహాలు గెలుస్తాయని."

"ఇన్నేళ్ళూ దానికే కదయ్యా గొంతు చించుకున్నావు. గెలిచావు. కాఫీ తాగు."

"నీకు తెలీదులే."

"నాకెందుకు తెలీదు? వాడు రాకపోతే నువ్వు సాయంత్రాలు ఇంట్లో కూర్చుంటావు. నా బాధ నాకుంది. వెళ్ళి చూసి రా."

మర్నాడు వెళ్ళాడు. ఎలీహియో ఉండేది పాత మేడలో పై అంతస్తు. బౌదీలియో ప్రతి మలుపులో ఆగి, నడుము మీద చెయ్యి వేసుకుని, మెట్లు కట్టినవాడి వంశాన్ని తిట్టుకుంటూ ఎక్కాడు. ఎలీహియో వరండాలో ఊగే కుర్చీలో ఉన్నాడు గాని ఊగడం లేదు. రేడియో ఉండే గూట్లో ఉల్లిపాయలున్నాయి.

"రేడియో ఏదీ?"

"కింది ఆవిడకిచ్చాను. సీరియల్ వింటుందట."

"ఆటలు రేపో మాపో మొదలవుతుంటే రేడియో ఇచ్చేశావా?"

"వినను బావా. అలిసిపోయాను." ఎలీహియో వీధిలోకి చూస్తూ మాట్లాడాడు. "ఒక పిల్లాడి పేరు నేర్చుకుంటాను. వాడు ఎలా నిలబడతాడు, ఏ బంతికి భయపడతాడు, అన్నీ చూసి పెట్టుకుంటాను. మరుసటేడు వాడుండడు, వేరే దేశంలో ఆడుతుంటాడు. మళ్ళీ కొత్తవాడు, కొత్త పేరు. ఇంక నా బుర్రలో చోటు లేదు."

"మావాళ్ళు మాత్రం ఉంటున్నారా? మాకూ అంతే."

"అవును. మీకూ అంతే."

"శాంతియాగోవాళ్ళకి బంతి విసరడం చేతకాదు, రాళ్ళు విసరడమే వచ్చు."

"కావచ్చు."

"మీ అమ్మగారు కూడా లోపల్లోపల సింహాల మనిషేనని అంటారు."

ఎలీహియో కళ్ళు మూసుకున్నాడు. "పాపం, ఆవిడకి ఆటే తెలీదు. అనవసరంగా శ్రమపడకు బావా. ఆదివారం వస్తాను. అందరి ముందూ చెప్పేసి, దణ్ణం పెట్టేసి, ఇంక సెలవు తీసుకుంటాను."

సీజన్‌కి ముందు వచ్చే ఆదివారం వేడిమూలకి పండగ లాంటిది. ఒక్కో జట్టు తరఫున ఒక్కో పెద్దమనిషి బెంచీ ముందు నిలబడి, ఈ ఏడు మాదే అని మాట ఇస్తాడు. ఇచ్చిన మాట సీజన్ అయ్యేదాకా మార్చకూడదు. మార్చినవాడితో ఎవరూ వాదించరు, అంతకు మించిన శిక్ష అక్కడ లేదు. ఆ ఆదివారం నిలబడి ఎలీహియో సెలవంటే, ఇక సెలవే. వాణ్ణి పార్కుకి రప్పించే పని మరొకటి లేదు. తెల్లారి లేచి ఆ కుర్చీలో కూర్చుంటాడు, అంతే.

మెట్లు దిగుతూ బౌదీలియో ఏ ఉపాయమూ తోచక గోడ పట్టుకుని నిలబడ్డాడు. తిడితే పడుతున్నాడు, రెచ్చగొడితే ఊరుకుంటున్నాడు, ఏమన్నా అవునంటున్నాడు.

ఆదివారం ఎండ బాగా కాసింది. గుంపు రోజూ కన్నా పెద్దదే. ఎలీహియో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ చొక్కా చూసి బౌదీలియోకి ఇంకా బెంగ పట్టుకుంది.

"సింహాల పెద్ద ముందు," అన్నాడు ఫీకో. "కానీయ్ అన్నా, పాత పాటే కదా, త్వరగా పాడేయ్."

బౌదీలియో లేచాడు. నీలం టోపీ సర్దుకున్నాడు. నోరు తెరిచాక గాని తను ఏమనబోతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

"ఈ ఏడు కందిరీగలదే," అన్నాడు.

ఎవరో దగ్గారు. ఫీకో ముందుకొచ్చి అతని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "అన్నా, పొద్దున గ్యాసు లైటర్లోకి వెళ్ళిందా, నీ ముక్కులోకి వెళ్ళిందా?"

"మాట ఇచ్చాను. విన్నారుగా."

"నీకు సెర్రోలో ఇంక ఎవడైనా మంచినీళ్ళిస్తాడా?" అన్నాడు సింహాలవాడొకడు.

బౌదీలియో వినిపించుకోలేదు. అతని చూపంతా కర్ర మీద గడ్డం ఆనించిన ఎలీహియో మీదే ఉంది. "ఎందుకంటారా? వాళ్ళకి యునియెస్కి ఉన్నాడు. ఆ కుడిచేతి పిచర్. వాడి బంతిని ఎవడూ తాకలేడు."

"ఎడమచేతి," అన్నాడు ఎలీహియో, నేలకేసి చూస్తూ.

"కుడిచేతి యునియెస్కి," అన్నాడు బౌదీలియో మరింత గట్టిగా. "ఇక క్యాచర్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ పాల్మా ఊరివాడు, వాడి కళ్ళు డేగ కళ్ళు."

"పాల్మావాడు కాదు, మార్ ఊరివాడు. మా పిన్ని ఇంటి పక్కవాళ్ళబ్బాయి."

"పాల్మాయే. నాకు బాగా తెలుసు. పైగా పరుగులో వాణ్ణి మించినవాడు లేడు."

"పరుగా?" ఎలీహియో తల ఎత్తాడు. "క్యాచర్‌కి పరుగేంటయ్యా? వాడి మోకాలు పోయి ఏడాదైంది. బేసు దగ్గరకి చేరేలోపు మనం జపమాల మొత్తం తిప్పేయొచ్చు."

"అవన్నీ పుకార్లు. కందిరీగలకి ఈసారి బలహీనత అనేదే లేదు."

"లేదా?" ఎలీహియో కర్ర నేలకేసి కొట్టి లేచాడు. "నడిమి మైదానంలో పట్టేవాడు లేడు. ఉన్న ఒక్క పెద్ద పిచర్ భుజం వాచిపోయింది. బ్యాటు పట్టే కుర్రాళ్ళకి వంపు బంతి కనిపిస్తే కళ్ళు తిరుగుతాయి. నోటికొచ్చినట్టు వాగుతున్నావేంటి? మా జట్టుని పొగడటానికి నువ్వెవడివి?"

"వాళ్ళు గెలుస్తారని మాట ఇచ్చినవాణ్ణి."

"మా వాళ్ళు ఎందుకు గెలుస్తారో కూడా తెలీనివాడివి. గెలిస్తే ఎలా గెలుస్తారో నేను చెప్తాను, విను. గ్వాంతనామో నుంచి తెచ్చుకున్న ఆ చిన్నవాడున్నాడు చూడు, వాడు మూడో ఇన్నింగ్స్ దాకా..." అని మొదలై ఇంక ఆగలేదు. వేలు బౌదీలియో ముక్కు కిందకి వచ్చింది. ఇస్త్రీ చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది. నలుగురైదుగురు చుట్టూ చేరి, ఎవరి పక్షాన అరవాలో తెలియక ఇద్దరి మీదా అరవసాగారు. కందిరీగలకి ఏ దిక్కూ లేదని కందిరీగలవాడు, వాళ్ళని ఆపేవాడు లేడని సింహాలవాడు గొంతులు చించుకుంటుంటే, ఫీకో బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టాడు.

సెలవు మాట ఎలీహియో ఎత్తలేదు. ఫీకో గుర్తు చేయబోతే బౌదీలియో అతని కాలు తొక్కాడు.

చీకటి పడకముందు గుంపు పలచబడింది. సింహాలవాళ్ళు ఒక్కరూ బౌదీలియోకి చెయ్యి కలపకుండానే వెళ్ళారు. అప్పటికి గాని అతనికి తను చేసిన పని బరువు తెలియలేదు. సీజన్ అంతా, నెలల తరబడి, స్టేడియం గోడ వెనక పుట్టిన తను కందిరీగల బెంచీ మీద కూర్చోవాలి. సింహాలు హోమ్ రన్ కొడితే మొహం వేలాడేసుకోవాలి. నెరెయ్దాకి ఏం చెప్పాలో, బ్రెడ్డు క్యూలో పేటవాళ్ళకి ఏం సమాధానం చెప్పాలో తోచలేదు.

బస్సు వచ్చింది గాని తలుపుల బయటికి మనుషులు వేలాడుతున్నారు. ఇద్దరూ నడక మొదలుపెట్టారు.

"రేపు పొద్దున్నే నీ బల్ల దగ్గరకి వస్తాను," అన్నాడు ఎలీహియో. "మావాళ్ళ పేర్లు, ఊళ్ళు, ఏ చెయ్యో ఏ కాలో అన్నీ నేర్పుతాను. ఇలాంటి తెలివితో మా పక్షాన మాట్లాడితే పరువు పోతుంది. ముందు కిందికెళ్ళి ఆ ఆవిణ్ణడిగి రేడియో తెచ్చుకోవాలి. ఇస్తుందో ఇవ్వదో."

"సీరియల్ టైముకి ఇస్తానని చెప్పు."

"నాకు చెప్పకు, ఆ సంగతి నేను చూసుకుంటాను. ఇంతకీ ఆ గ్వాంతనామో చిన్నవాడి గురించి పూర్తిగా వినలేదు నువ్వు."

అతను చెప్పుకుపోయాడు. బౌదీలియోకి ఒక్క ముక్కా ఎక్కడం లేదు. నడుము లాగుతోంది, చంకలో బల్ల జారుతోంది, ఇల్లు ఇంకా చాలా దూరం. ఎలీహియో గొంతు కాస్త తగ్గినట్టు అనిపించినప్పుడల్లా "అదేం కాదు" అనేవాడు. వెంటనే ఆ గొంతు మళ్ళీ లేచేది.