మస్తాన్ కడుక్కునే కాళ్ళు

మింగలేక, కక్కలేక, పదకొండేళ్ళుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ముందే ఒక సంగతి. నేను కాస్త గొప్పలు పోయే మనిషిని. తప్పు ఒప్పుకుందామని కూర్చుని కూడా ముందు నా పనితనం గురించే చెప్పబోతున్నాను. అది చెప్పకపోతే నా తప్పు ఎంతటిదో మీకు అర్థం కాదు మరి.

నందిగామ దగ్గర ఒక పశువైద్య పరిశోధనశాలలో కోళ్ళను చూసుకునే పని నాది. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. కోళ్ళకు నెత్తురు విరేచనాలు పట్టించి చంపే పరాన్నజీవి ఒకటుంది. దాని మీద పరీక్షలు చేయాలంటే ముందు అది సోకని కోడిపిల్లలు కావాలి. అలాంటి పిల్లల్ని పెంచడమే అసలు విద్య. ఆ పరాన్నజీవి పెట్టే గుడ్లు, మేం రోగపు గుడ్లు అంటాం, కంటికి కనిపించవు. చెప్పులకు అంటుకుని వస్తాయి, గోళ్ళ సందుల్లో దాక్కుంటాయి, మందునీళ్ళు పోసినా ఓ పట్టాన చావవు. అందుకే పిల్లల్ని పుట్టిన రోజే తెచ్చి, అడుగున ఇనుప జల్లెడ ఉన్న బోనుల్లో పెడతాం, రెట్ట కిందికి పడిపోయేలా. మేతను కూడా వేడి చేసి, చల్లార్చి పెడతాం.

మాకు రెండు గదులు. రోగం సోకని పిల్లలుండే మంచి గది, పరీక్ష కోసం రోగం ఎక్కించిన పిల్లలుండే రోగపు గది. స్నానం చేసి, బట్టలూ బూట్లూ మార్చుకుని ముందు మంచి గదికి వెళ్ళాలి. రోగపు గదిలో అడుగు పెట్టినవాళ్ళు మళ్ళీ ఆ రోజుకు మంచి గది గడప తొక్కకూడదు. మాలో ఎవరూ ఇంట్లో కోళ్ళు పెంచకూడదు.

నా మంచి గదిలో అప్పటిదాకా ఒక్క రోగపు గుడ్డు కనిపించలేదు. ఒక్కటి కూడా. మా పైన ఉండే డాక్టరమ్మగారు రెట్టను మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, తల పైకెత్తి నవ్వేవారు. వేరే ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళకు బోనుల కంటే ముందు నన్ను చూపించేవారు. పిల్ల అరుపు వింటే చాలు, అది ఆకలో, చలో, దాహమో చెప్పేదాన్ని. కోతలు కోయడం లేదు, ఇప్పటికీ చెప్పగలను.

పదకొండేళ్ళ కిందట ఒక రోజు మధ్యాహ్నం రోగపు గదిలో ట్రేలు కడిగి బయటికి వచ్చాను. మంచి గదిలో ఒక పిల్ల అరిచింది. నొప్పి అరుపు. కాలు జల్లెడలో ఇరుక్కుందని చూడకుండానే తెలిసిపోయింది. మస్తాన్‌ను పిలవాలి. మంచి గదికి మేత మోసేది అతనే. పెనుగంచిప్రోలు మనిషి, నాకంటే చిన్నవాడు, నోరారా అక్కా అని పిలిచేవాడు. షెడ్డు వెనక కూర్చుని అన్నం తింటున్నాడు. కేకేస్తే వచ్చేవాడు. స్నానం చేసి లోపలికి వెళ్ళడానికి పది నిమిషాలు పట్టేది, అంతే.

ఎందుకు పిలవలేదు? పిల్ల మీద జాలితో అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. జాలి లేదనను. కానీ అసలు సంగతి అది కాదు. మస్తాన్ లాగితే కాలు విరుగుతుంది, నేనైతే విరగకుండా తీస్తాను అనుకున్నాను. రూల్సు చేతకానివాళ్ళకు కదా, ఇన్నేళ్ళుగా ఈ గదిని కాపాడుతున్న నాకెందుకు అనుకున్నాను. బూట్లు విప్పేసి, చేతులు మాత్రం కడుక్కుని, ఆ బట్టలతోనే, వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాను. రెండు వేళ్ళతో మెత్తగా కాలు తీశాను. విరగలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా ఆ తీసిన తీరుకు లోపల మురిసిపోతున్నాను, చూడండి నా బుద్ధి.

ఆరో రోజు డాక్టరమ్మగారు మా ఇద్దర్నీ పిలిచారు. మంచి గది రెట్టలో రోగపు గుడ్లు కనిపించాయి.

"ఎవరైనా రూల్ తప్పారా? నిజం చెప్పండి."

నేను నోరు తెరిచాను. నమ్మండి, తెరిచాను. మస్తాన్ నాకంటే ముందు మాట్లాడాడు.

"మేడం, మా అమ్మ ఇంట్లో నాలుగు నాటుకోళ్ళు పెంచుద్దండి. వద్దంటే వినదు. మీకు చెప్పకుండా దాచానండి. నా కాళ్ళకే అంటుకొచ్చుంటదండి."

ఇంటి కోళ్ళకూ ఆ రోగం ఉంటుంది. ఇక ఎవరూ వేరే కారణం వెతకలేదు. నా నోరు మూతపడింది. బయట కుళాయి దగ్గర మస్తాన్ నా ముందు నిలబడి ఏడ్చాడు.

"ఇన్నేళ్ళ నీ పేరు చెడగొట్టా. నన్ను క్షమించక్కా."

"పోన్లేరా. ఇంకెప్పుడూ అట్టా చెయ్యమాక," అన్నాను.

క్షమించాను. నా తప్పుకు అతన్ని క్షమించాను! అబద్ధం చెప్పడం ఒక రకం. ఇది ఏ రకం? ఆ క్షణంలో నా గొంతులో కొంచెం పెద్దరికం కూడా పలికింది, అది నాకు బాగా గుర్తుంది. సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి, ఆ పూట ఇంటికి వెళ్ళి కడుపునిండా తిన్నాను.

ఆ పిల్లలు పరీక్షకు పనికిరావని అన్నిటినీ తీసేశారు. నేను కాలు తీసిన పిల్ల కూడా వాటితోనే పోయింది. మస్తాన్‌ను మంచి గది నుంచి తప్పించి గేటు దగ్గర వేశారు. తల్లి చేత కోళ్ళన్నీ అమ్మించేశాడు గానీ, మళ్ళీ లోపలికి రానివ్వలేదు. కొన్నాళ్ళకు తనే మానేశాడు. నా పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తర్వాత మరో మచ్చ పడలేదు కూడా, ఆ రోజు నుంచి రూల్‌ను నా అంత గట్టిగా పాటించే మనిషి అక్కడ లేదు. కొత్తవాళ్ళకు పని నేర్పేది నేనే. ఇంట్లో కోళ్ళు పెంచితే ఏమవుతుందో చెప్పడానికి ప్రతిసారీ మస్తాన్ కథ చెప్తాను. పేరుతో సహా.

మస్తాన్ ఇప్పుడు పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకు ఆటో నడుపుతున్నాడు. పోయిన వారం నేను సంచులతో కనిపిస్తే ఎక్కించుకుని ఇంటిదాకా తెచ్చాడు. సంచులు లోపల పెట్టమన్నాను. గడప దగ్గర ఆగి చెంబుడు నీళ్ళు అడిగాడు. మడమలు రుద్దుకున్నాడు. వేళ్ళ సందులు రుద్దుకున్నాడు. అయ్యాక మళ్ళీ మొదట్నుంచి కడిగాడు.

"నా కాళ్ళంటే నాకే నమ్మకం లేదక్కా," అన్నాడు నవ్వుతూ.

రెండో చెంబు నేనే పోశాను. అప్పుడైనా చెప్పానా? లేదు. మళ్ళీ ఎదురుపడితే చెప్తానా? మాట ఇవ్వలేను.

ఆ కాళ్ళకు ఏనాడూ ఏ మురికీ లేదు. మంచి గదికి రోగం మోసుకెళ్ళినవి నా కాళ్ళు. ఈ ఒక్క వాక్యం రాయడానికి పదకొండేళ్ళు పట్టింది. రాశాను. గొంతు కాస్త తెరుచుకుంది.