ఓడినాయన ముసుగు

సిడ్నీలో మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు, స్కోఫీల్డ్స్ నుంచి పారమట్టా వెళ్లే రైల్లో నా పక్కన ఒక మెక్సికో పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్లో ఎర్రటి ముసుగు పెట్టుకుని, ఊడిన కుట్లు సూదితో మళ్లీ వేస్తున్నాడు. వాళ్ల దేశంలో ఆ ముసుగు వేసుకుని కుస్తీ పట్టేవాడట.

"ఒక్కసారి పెట్టుకోండి అంకుల్, ఫోటో తీస్తాను," అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. ముసుగులే పందెంగా కాసిన కుస్తీలో ఆయన ఓడిపోయాడట. ఓడినవాడు జనం ముందు ముసుగు తీసేసి, తన అసలు పేరూ ఊరూ చెప్పాలి. ఇక జన్మలో ఆ ముసుగు పెట్టుకోకూడదు.

నా నోరు ఊరుకోదుగా. "ఎవరు గెలవాలో మీలో మీరు ముందే అనుకుంటారటగా?" అనేశాను.

"అనుకుంటాం. ఓడిపోవడానికి నేనే ఒప్పుకున్నాను," అన్నాడు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

"మరింకేం? ఇంత దూరంలో ఎవరు చూడొచ్చారు?"

"ఒప్పుకున్నాను కదా," అన్నాడు మళ్లీ. అంతే. దారం పంటితో తెంపి, ముసుగు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

నాకు సిగ్గేసింది. ఫోన్ లోపల పెట్టేసి, దిగేముందు ఆయన పేరడిగాను.

కూర్చుని చెప్పలేదు. కడ్డీ పట్టుకుని లేచి నిలబడి, పెట్టెలో అందరికీ వినపడేలా చెప్పాడు, ఊరి పేరుతో సహా.