పెద్దమ్మా నేనూ గూడ్సు బండిలో అరకు వెళ్ళిన రోజు

నిన్న పొద్దున్నే తమ్ముడి ఫోన్.

"అక్కా, పెద్దమ్మ..." అని ఆగిపోయాడు.

కాఫీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. రాత్రే కదా వీడియో కాల్‌లో నన్ను గుర్తుపట్టింది! "తిన్నావేటే?" అని కూడా అడిగింది.

నిద్రలో పోయిందట. తన మంచం మీదే.

నిజం చెప్తున్నాను, ఏడుపు కంటే ముందు "హమ్మయ్య" అనుకున్నాను. తప్పనుకునేవాళ్ళు అనుకోండి. ఏడాదిగా ఆ నొప్పులు చూసినవాళ్ళకి నా మాట అర్థమవుతుంది. గొట్టాలు లేవు, ఐసీయూ లేదు. ఆవిడ కోరుకున్నట్టే వెళ్ళింది.

నిన్నంతా అందరూ ఆవిడ ఆవకాయ గురించే మాట్లాడారు. నాకు మాత్రం రైలే గుర్తొస్తోంది.

డెబ్బైల చివరి మాట. నాకు ఏడేళ్ళు. మాది విజయనగరం పక్క పల్లె. నాన్నకి సెలవులు దొరికాయి. వాల్తేరు నుంచి కిరండుల్ దాకా పాసింజర్‌లో వెళ్ళి, కొండలూ అడవులూ బస్తరూ అన్నీ చూసి రావాలని ప్లాన్. నాన్న, అమ్మ, నేను, ఏడాది నిండని తమ్ముడు. పిల్లల్ని చూసుకోడానికి తోడుగా అమ్మ 'అప్పా' అని పిలిచే వాళ్ళక్క, మా పెద్దమ్మ.

ఆవిడకి పిల్లల్లేరు.

బయల్దేరుతుంటే నాయనమ్మ అందరి ముందూ అనేసింది. "పిల్లల్లేనిదానికి పిల్లల్ని అప్పగిస్తావేటే? దానికేటి తెలుసు?"

పెద్దమ్మ విననట్టే పులిహోర క్యారేజీ మూత బిగించుకుంది. అమ్మ నా చెయ్యి తీసుకెళ్ళి పెద్దమ్మ చేతిలో పెట్టింది.

శృంగవరపుకోట దాటాక బండి కొండెక్కడం మొదలుపెట్టింది. సొరంగం మీద సొరంగం. చీకటి పడ్డప్పుడల్లా పెద్దమ్మ గొంతు. "ఉన్నావేటే గుంటా?" "ఉన్నాను పెద్దమ్మా!" పెట్టెంతా నవ్వులే.

టైడా స్టేషన్లో బండి నిలబడిపోయింది. సింగిల్ లైను. పైనుంచి ఇనుపరాయి గూడ్సు దిగితేగానీ మాది కదలదు. జనమంతా దిగి బీడీలు కాల్చుకున్నారు, కబుర్లు చెప్పుకున్నారు. గూడ్సు వెళ్ళాక తీరిగ్గా ఎక్కారు.

పెద్దమ్మకి రూల్ తెలిసిపోయింది. "అందరూ దిగినారంటే ఇది ఇప్పుడప్పుడే కదల్దన్నమాట."

పైన ఇంకో చిన్న స్టేషన్లో పెట్టె మళ్ళీ ఖాళీ అయింది. నాన్న పై బెర్తు మీద గుర్రు పెడుతున్నాడు. అమ్మ కొంగు చాటున తమ్ముడికి పాలిస్తోంది.

ప్లాట్‌ఫారం చివర పసుపు రాసిన రాయి ఒకటి కనబడింది. కొత్త పొలిమేర దాటేటప్పుడు అక్కడి అమ్మోరికి చెప్పుకోకుండా పోకూడదని పెద్దమ్మ పట్టింపు.

"పద, దండమెట్టుకుని బేగొచ్చేద్దాం."

కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటున్నాం. కూత వినబడింది. పరిగెత్తేలోపే ఆఖరి పెట్టె సొరంగంలోకి వెళ్ళిపోయింది.

మరి దిగినవాళ్ళెవరూ ఎక్కలేదేం?

ఎందుకెక్కుతారు! ఆ రోజు సంత. వాళ్ళు దిగింది వాళ్ళ ఊళ్ళో.

ఇప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వొస్తుంది. అప్పుడు పెద్దమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్కడే కూలబడి, నన్ను ఒళ్ళోకి లాక్కుని ఒకే మాట. "నిన్ను మరి నాకియ్యదే మీయమ్మ. ఎప్పటికీ ఇయ్యదు."

కొండల్లో చిక్కుబడిపోయామని కాదు ఆవిడ భయం.

సంతకొచ్చిన ఒక కొండావిడ గంప దించి నా చేతిలో సీతాఫలం పెట్టింది. "ఏడకు పాపా, ఇంకో బండి వస్తాది." తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, "నువ్వు గూడా ఏడకు" అని ఆవిడకీ ఒకటిచ్చింది.

స్టేషన్ మాస్టరు మా కథ విని మీసం చాటున నవ్వుకున్నాడు. అరకుకి ఫోన్ చేసి మావాళ్ళని అక్కడ దిగమని కబురు పెట్టాడు. వెనకాల వచ్చిన ఖాళీ గూడ్సు చివర, గార్డు పెట్టెలో మమ్మల్ని ఎక్కించాడు.

ఆ ప్రయాణం నా జన్మలో మర్చిపోను. తలుపుల్లేవు, ఊచల్లేవు. ఎదురుగా లోయ, తెల్లగా దూకే నీళ్ళు, కొండవాలంతా పసుపుపచ్చగా వలిసె పూలు. నేను గంతులే గంతులు. పెద్దమ్మ ఒక్కటీ చూడలేదు. సొరంగాల్లో ఉన్నావా అని కూడా అడగలేదు. నా చెయ్యి వదిలితే కదా!

అరకులో అమ్మ ప్లాట్‌ఫారం చివరే నిలబడి ఉంది, తమ్ముణ్ణి భుజాన వేసుకుని. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. గూడ్సు ఆగీ ఆగకముందే పరిగెత్తుకొచ్చింది.

పెద్దమ్మ నన్ను దించి, తలొంచుకుని, "తప్పు నాదేనే..." అని మొదలుపెట్టింది.

అమ్మ విననే లేదు. తమ్ముణ్ణి తీసి పెద్దమ్మ చేతుల్లో పెట్టేసింది. "ముందీడ్ని పట్టుకో అప్పా. సేతులు లాగేత్తన్నాయి."

పెద్దమ్మ వాణ్ణి గుండెకి హత్తుకుని అప్పుడు ఏడ్చింది. ఎంత తేలికపడితే అలా ఏడుస్తారో నాకు పెద్దయ్యాకే తెలిసింది.

మర్నాడు మళ్ళీ అదే పాసింజర్ ఎక్కాం. కిరండుల్ దాకా వెళ్ళాం, బస్తర్ చూశాం. తమ్ముడు మాత్రం పెద్దమ్మ ఒళ్ళు దిగలేదు.

ఊరికి తిరిగొచ్చాక నాయనమ్మ గుమ్మంలోనే అడిగింది. "పిల్లలేటీ ఇబ్బంది పడనేదు కదా?"

నేను నోరు తెరిచాను. నాన్న దగ్గాడు.

అమ్మ చెప్పులు విప్పుకుంటూ చాలా మామూలుగా అంది. "ఏటవుద్దత్తా? అప్ప దగ్గరున్నారు కదా."

పెద్దమ్మా, ఇంక నొప్పుల్లేవు. హాయిగా పడుకో.